బడి గంటకు ముందు అరగంట: కోరాపుట్, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్లకు ఒక కరదీపిక

పిల్లను బడి దగ్గర దించి రావడం పది నిమిషాల పని. రోజూ చేసేది కాబట్టి దాని గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకోరు. కానీ అమ్మానాన్నల చేయి వదిలాక, మాస్టారి కంట్లో పడేలోపు ఉండే ఆ కొద్దిసేపు పిల్లవాడు ఎవరి చూపులోనూ ఉండడు. అయిదారేళ్ల పిల్లలకు దెబ్బలు తగిలినా, దారి తప్పినా, పెద్ద పిల్లల చేతిలో ఏడిపించబడినా చాలావరకు అప్పుడే.

మన ఇళ్లలో ఈ సమస్య కాస్త ఎక్కువ. రాయగడ, గుణుపురం, జయపురం బజార్లలో దుకాణాలున్నవాళ్లు పొద్దున్నే షట్టరు ఎత్తాలి. సునాబెడ, దమన్‌జోడి కాలనీల్లో ఉద్యోగం షిఫ్టు లెక్కన నడుస్తుంది. బడి గంట పదికైతే పిల్లను తొమ్మిదింపావుకే దింపి వెళ్లిపోయే ఇళ్లు చాలా ఉన్నాయి. బామ్మలు, తాతయ్యలు దింపే ఇళ్లలో వాళ్లకు తెలుగు మాత్రమే బాగా వచ్చి, బడి నోటీసు ఒడియాలో ఉండడం మరో చిక్కు. ఇవన్నీ దృష్టిలో పెట్టుకుని, అంగన్‌వాడీ నుంచి అయిదో తరగతి దాకా చదివే పిల్లల కోసం తెలుసుకోవలసిన సంగతులను ఇక్కడ ఒకచోట చేర్చాం.

బాధ్యత ఎక్కడ ఎవరిది?

ఇంటి నుంచి గేటు దాకా బాధ్యత ఇంటివాళ్లది. బడి బస్సు ఎక్కిస్తే, ఎక్కిన క్షణం నుంచి బడిది కూడా. తరగతి మొదలయ్యాక బడిదే. ఈ రెండింటి గురించి ఎవరికీ సందేహం ఉండదు. సందేహమంతా గేటు లోపలికి వెళ్లాక, గంట కొట్టేలోపు ఉన్న సమయం గురించే.

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయులు క్రమం తప్పకుండా, వేళకు బడికి రావాలి. ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలని అదే చట్టం షెడ్యూలు చెబుతోంది. ఉపాధ్యాయుడు పాఠం తయారు చేసుకునే సమయంతో కలిపి వారానికి 45 గంటలు పనిచేయాలని కూడా అందులో ఉంది. అయితే గంటకు ముందు పిల్లలను ఎవరు కనిపెట్టుకుని ఉండాలన్న మాట అందులో విడిగా లేదు. అందుకే ఒక బడిలో హెడ్మాస్టారు అరగంట ముందే వచ్చి వరండాలో నిలబడతారు, మరో బడిలో గేటు తాళం తీసేది వంటమనిషి.

మరోవైపు, 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ పిల్లవాడు ఎవరి అధీనంలో ఉంటే వాళ్ల నిర్లక్ష్యాన్ని నేరంగా చూస్తుంది. పిల్లల భద్రతలో బడి యాజమాన్యాల జవాబుదారీ గురించి కేంద్ర విద్యాశాఖ 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వ, ఎయిడెడ్, ప్రైవేటు బడులన్నిటికీ అవి వర్తిస్తాయి. అంటే గేటు తెరిచి పిల్లను లోపలికి తీసుకున్నాక 'ఇంకా గంట కొట్టలేదు కదా' అని బడి తప్పించుకోవడం తేలిక కాదు. అయితే గేటు తెరవకముందే బయట వదిలి వెళితే, అది మన మీదే ఉంటుంది. తేడా అంతా ఆ గేటు దగ్గరే.

చేర్చిన వారంలోనే అడగవలసిన అయిదు ప్రశ్నలు

వీటిని హెడ్మాస్టారినే అడగండి. తప్పు పట్టినట్టు కాకుండా, తెలుసుకోవడానికి అడిగినట్టు అడిగితే చాలావరకు సూటిగానే చెబుతారు.

1. గేటు ఎన్ని గంటలకు తెరుస్తారు? తాళం ఎవరి దగ్గర ఉంటుంది?
2. గేటు తెరిచినప్పటి నుంచి ప్రార్థన దాకా పెద్దవాళ్లు ఎవరుంటారు? వాళ్లు రాని రోజు ఎవరు?
3. ముందే వచ్చిన చిన్నపిల్లలు ఎక్కడ కూర్చోవాలి? మైదానంలోనా, వరండాలోనా, తరగతి గదిలోనా?
4. పిల్ల రాకపోతే ఇంటికి ఫోన్ చేస్తారా? ఎన్ని గంటలలోపు?
5. సాయంత్రం ఎవరికి అప్పగిస్తారు? పేర్లు రాసుకుంటారా?

నాలుగో ప్రశ్నను చాలామంది అడగరు. ఇంట్లో 'బడికి వెళ్లాడు' అనుకుంటారు, బడిలో 'ఈ రోజు రాలేదు' అని గైర్హాజరు వేస్తారు. ఇద్దరూ మాట్లాడుకునేది సాయంత్రం నాలుగు దాటాక. హాజరు తీసుకున్న అరగంటలో ఒక్క ఫోన్ కాల్ ఉంటే ఈ ఖాళీ పూడుతుంది. బడి తరఫున చేయలేమంటే తరగతి తల్లుల వాట్సాప్ గుంపు ఒకటి ఉన్నా సరిపోతుంది.

వేళలు మారే రోజులు

ఒడిశాలో ప్రభుత్వ బడి సాధారణంగా పదికి మొదలై నాలుగుకు వదులుతుంది. ఎండలు ముదిరాక పొద్దుటి బడి వస్తుంది, ఆరున్నరకే గంట. ఏ తేదీ నుంచన్నది ఏటా ఉత్తర్వు వచ్చాకే తెలుస్తుంది. ఈ మార్పు జరిగిన మొదటి వారం చాలా జాగ్రత్తగా ఉండాలి. ఆటోవాడికి కొత్త వేళ తెలియదు, పిల్ల నిద్రమత్తులో ఉంటుంది, పదిన్నరకు బడి వదిలితే ఇంట్లో తీసుకురావడానికి ఎవరూ ఉండరు. పొద్దుటి బడి మొదలయ్యే ముందురోజే తీసుకెళ్లేది ఎవరో, తీసుకొచ్చేది ఎవరో విడివిడిగా అనుకోండి. ఏమీ తినకుండా పంపకండి. మధ్యాహ్న భోజనం ఉన్నా అది పొద్దుటి ఆకలికి పనికిరాదు. ఈ సంగతి గుర్తించే తమిళనాడు ప్రభుత్వం 2022 సెప్టెంబర్ 15న మదురైలో ప్రాథమిక బడుల్లో అల్పాహార పథకం మొదలుపెట్టింది. మనకు అది లేదు కాబట్టి రెండు ఇడ్లీలో, కాస్త పెరుగన్నమో ఇంటి నుంచే పడాలి.

తుపాను సెలవులు ఇంకో సంగతి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ, 2021 సెప్టెంబర్ 26న గులాబ్ ఆంధ్ర తీరం తాకినా, ఆ వాన మన రెండు జిల్లాల మీదా పడింది. ఇలాంటప్పుడు కలెక్టర్ సెలవు ప్రకటించేది తరచు రాత్రి పొద్దుపోయాకే, అదీ ఒడియాలో. తెలుగు చానెళ్లలో విజయనగరం, శ్రీకాకుళం సెలవులు వస్తాయి గాని మనవి రావు. పార్వతీపురంలో సెలవంటే రాయగడలోనూ సెలవేనని అనుకోకండి. అక్కడ లేదంటే ఇక్కడా లేదనీ అనుకోకండి. వాన రోజు పిల్లను దింపేటప్పుడు గేటు తెరిచి ఉందో లేదో కళ్లారా చూసి, లోపల ఒక పెద్దమనిషి కనిపించాకే బండి తిప్పండి.

చలికాలంలో కోరాపుట్, సెమిలిగుడ, పొట్టంగి వైపు పొద్దున పొగమంచు దట్టంగా పడుతుంది. సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున్న ఊరు కోరాపుట్. రాయగడ నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లకు ఈ చలి, మంచు కొత్త. పిల్ల వేసుకునే స్వెట్టరు ముదురురంగుదైతే మంచులో లారీ డ్రైవరుకు కనబడదు. పసుపో, నారింజో, తెలుపో రంగు టోపీ పెట్టండి. బ్యాగు మీద మెరిసే పట్టీ ఒకటి కుట్టించండి.

దారి: నడక, బండి, ఆటో, బస్సు

*నడక.* ఒకటి నుంచి అయిదు తరగతులకు కిలోమీటరు లోపు బడి ఉండాలని విద్యాహక్కు నిబంధనలు చెబుతాయి. కొండలు, వాగులు, దారిలేని చోట్ల పిల్లలకు ప్రమాదం లేకుండా బడి పెట్టాలని కూడా వాటిలో ఉంది. కిలోమీటరంటే చిన్నకాళ్లకు ఇరవై నిమిషాలు. ఒకే వీధి పిల్లలు నలుగురైదుగురుంటే వాళ్లను కలిపి, రోజుకొక ఇంటి పెద్ద నడిపించుకు వెళ్లే పద్ధతి మంచిది. జపానులో ప్రాథమిక బడి పిల్లలు చాలా ఊళ్లలో ఇలాగే గుంపుగా వెళతారు. పెద్ద తరగతి పిల్ల ముందు నడుస్తుంది, దారి మలుపుల దగ్గర ఊరి పెద్దలు నిలబడతారు. మన వీధుల్లో ఇది కొత్తేమీ కాదు. పక్కింటి అక్కయ్య వెనకాల బడికి వెళ్లిన తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. కాకపోతే ఆ అక్కయ్యకూ పదేళ్లే ఉంటే సరిపోదు, వెంట ఒక పెద్దమనిషి ఉండాలి.

*స్కూటరు, మోటారుసైకిలు.* నడిపేవాళ్లు కాక ఒక్కరినే ఎక్కించాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. నాన్న, ఇద్దరు పిల్లలంటే చట్టం లెక్కలో ఒకరు ఎక్కువే. నాలుగేళ్లు దాటిన ప్రతి పిల్లకూ హెల్మెట్ తప్పనిసరి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలను నడిపేవారికి కట్టే పట్టీ, పిల్ల తలకు సరిపడే హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఈ నిబంధనను 2022 ఫిబ్రవరిలో ప్రకటించి, ఏడాది తరవాత అమలులోకి తెచ్చారు. పిల్లను ముందు నిలబెట్టి తీసుకెళ్లే అలవాటు మన బజార్లలో బాగా ఉంది. బ్రేకు వేస్తే ఆ పిల్ల ఛాతీ హ్యాండిలుకే కొట్టుకుంటుంది.

ఇంకొక మాట. పదిహేనేళ్ల అన్నయ్య చేతికి స్కూటీ ఇచ్చి చెల్లెల్ని దించి రమ్మనే ఇళ్లున్నాయి. 2019 సవరణ తరవాత మైనరు బండి నడిపితే తల్లిదండ్రులకో, బండి యజమానికో 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, ఘాట్ రోడ్డు మలుపులో బరువు లారీ ఎదురైతే ఏం చేయాలో ఆ వయసు పిల్లవాడికి తెలియదు. సాలూరు నుంచి సుంకి, పొట్టంగి, సెమిలిగుడ మీదుగా జయపురం వెళ్లే 26వ జాతీయ రహదారి పక్కన ఉన్న ఇళ్లవాళ్లు దీన్ని మరీ గట్టిగా పట్టుకోవాలి.

*ఆటో.* నెలకు మాట్లాడుకునే ముందు డ్రైవరు లైసెన్సు, బండి ఇన్సూరెన్సు ఫోనులో ఫొటో తీసుకోండి. మొహమాటపడకండి. డ్రైవరు పక్క సీటులో పిల్లలను కూర్చోబెట్టకూడదని ముందే చెప్పండి. కుడివైపు కమ్మీ ఉండాలి. ఎంతమందిని ఎక్కిస్తాడో మాట్లాడుకున్న రోజే అడగండి, నెల మధ్యలో ఒకరోజు చెప్పకుండా వెళ్లి చూడండి. డబ్బు తక్కువ ఇస్తామంటే తలలు ఎక్కువ ఎక్కించుకుంటాడన్నది అందరికీ తెలిసిందే. ఇంటికో యాభై ఎక్కువ ఇచ్చి ఇద్దరు పిల్లలను తగ్గించమనడం నాలుగిళ్లు కలిస్తే సాధ్యమే.

*బడి బస్సు.* సుప్రీంకోర్టు ఆదేశాల ప్రకారం బస్సు మీద ముందూ వెనకా 'స్కూల్ బస్' అని రాసి ఉండాలి. కిటికీలకు అడ్డకమ్మీలు, వేగనిరోధకం, ప్రథమచికిత్స పెట్టె, మంటలార్పే సిలిండరు, బడి పేరు, ఫోన్ నంబరు, గట్టి తాళమున్న తలుపులు, పిల్లలను చూసుకునే సహాయకుడు ఉండాలి. బరువు వాహనాలు నడపడంలో డ్రైవరుకు కనీసం అయిదేళ్ల అనుభవం కావాలి. వీటిలో సహాయకుడి సంగతే ముఖ్యంగా చూడండి. పిల్ల దిగాక బస్సు ముందు నుంచి రోడ్డు దాటుతుంది. ఎత్తు సీటులో ఉన్న డ్రైవరుకు బంపరు దగ్గరున్న పిల్ల కనబడదు. చేయి పట్టుకుని దాటించేవాళ్లు లేకపోతే మిగిలినవన్నీ ఉన్నా చాలదు.

*రైలు పట్టాలు.* 2014 జులై 24 పొద్దున మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటులో బడి బస్సును రైలు ఢీకొంది. పదిమందికి పైగా పిల్లలు పోయారు. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని గేట్లు తీసేశామని రైల్వే ప్రకటించింది. కానీ రాయగడలో, కోరాపుట్‌లో, జయపురంలో పట్టాల మీదుగా అడ్డదారి తొక్కి బడికి వెళ్లే పిల్లలకు గేటు ఉన్నా లేనట్టే. పది నిమిషాలు చుట్టు తిరిగినా గేటు దగ్గరో, వంతెన కిందో దాటించండి.

పిల్ల నోట రావలసిన ఒడియా మాటలు

మనం ఇక్కడ తరతరాలుగా ఉన్నవాళ్లం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో, విశాఖపట్నం జిల్లాలో భాగం. ఇంట్లో పెద్దలకు ఒడియా, దేశియా రెండూ వచ్చు. అయినా ఇంటిపట్టున బామ్మ దగ్గర పెరిగిన అయిదేళ్ల పిల్లకు బడి మొదటి నెలలో ఒడియా నోట రాదు. దాహం, కడుపునొప్పి, భయం చెప్పుకోలేని పిల్లను మంచి టీచరు కూడా గుర్తుపట్టలేదు. ఈ ఏడు మాటలు ఇంట్లో ఆటలాగా నేర్పండి:

- పాణి పిఇబి: నీళ్లు తాగుతాను
- పరిస్రా జిబి: ఒంటికి వెళతాను
- ఝాడా జిబి: రెంటికి వెళతాను
- మోతె భోక లాగుచి: నాకు ఆకలి వేస్తోంది
- పేట కాటుచి: కడుపు నొప్పిగా ఉంది
- బాపాంకు డాకంతు: నాన్నను పిలవండి
- తాంక సహ జిబి నాహి: వాళ్లతో నేను వెళ్లను

చివరిది తప్పకుండా రావాలి. టీచరమ్మను ఇక్కడి పిల్లలు 'గురుమా' అంటారు. మన పిల్లకూ ఆ పిలుపు అలవాటు చేస్తే మొదటిరోజే దగ్గరవుతుంది. నాన్న పేరు, వీధి పేరు, ఒక ఫోన్ నంబరు నోటికి వచ్చేలా చేయండి. నంబరు తెలుగు అంకెల్లో నేర్చుకున్న పిల్ల ఒడియాలో చెప్పలేదు, కాబట్టి రెండింటిలోనూ పలికించండి. బ్యాగు లోపలి అరలో నంబరు రాసిన కాగితం పెట్టండి. పేరు బయటికి కనిపించేలా రాయకండి. పేరు పెట్టి పిలిచినవాళ్లను పిల్ల ఇట్టే నమ్మేస్తుంది.

ఏడుపు, అప్పగింత

మొదటి రెండు మూడు వారాలు గేటు దగ్గర ఏడుపు మామూలే. చెప్పకుండా జారుకుంటే పిల్ల మర్నాడు చెయ్యి మరింత గట్టిగా పట్టుకుంటుంది. 'సాయంత్రం నాలుగుకు తాతయ్య వస్తారు' అని ఎవరొస్తారో చెప్పి, అదే మాట నిలబెట్టుకుని, త్వరగా వెనుదిరగడం మేలు. గేటు బయట గంటసేపు నిలబడి తొంగిచూస్తే ఏడుపు సాగుతుందే తప్ప తగ్గదు. నెల దాటినా ఏడుపు ఆగకపోయినా, బాగా వెళ్తున్న పిల్ల ఉన్నట్టుండి బడంటే భయపడినా, అది మారాం అనుకోకండి. ఎవరైనా కొడుతున్నారా, ఎక్కడైనా తాకుతున్నారా, ఆటోలో ఏమైనా జరిగిందా అని నెమ్మదిగా, మన భాషలోనే అడగండి. బడిలో పిల్లలను కొట్టడం, మనసు నొప్పించేలా శిక్షించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషిద్ధం.

తీసుకెళ్లడానికి వచ్చేవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ముగ్గురికి మించకుండా రాసి తరగతి టీచరుకు ఇవ్వండి. అత్యవసరంగా నాలుగోవాళ్లను పంపాల్సి వస్తే పిల్లకూ మీకూ మాత్రమే తెలిసిన ఒక తెలుగు గుర్తుమాట పెట్టుకోండి. అది చెప్పనివాళ్లతో, మేనమామనని చెప్పినా సరే, వెళ్లకూడదని నేర్పండి.

బడి కమిటీలో మన గొంతు

గేటు ముందు అరగంటకు శాశ్వత పరిష్కారం పాఠశాల నిర్వహణ కమిటీలోనే దొరుకుతుంది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులో, సంరక్షకులో ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. ఎయిడెడ్ బడుల్లో ఈ కమిటీకి సలహా చెప్పే అధికారమే ఉంటుందని 2012 సవరణ చెబుతోంది. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడికి ఈ సెక్షన్ వర్తించదు. అక్కడ యాజమాన్యానికి రాతపూర్వకంగా ఇవ్వడమే దారి.

కమిటీ ఎన్నికకు మన తల్లులు వెళ్లడం తక్కువ. ఒడియాలో మాట్లాడాలన్న బెరుకు ఒక కారణం. మాట్లాడవలసింది నాలుగు వాక్యాలే: గేటు ఫలానా వేళకు తెరవాలి, ఫలానావారు ఉండాలి, చిన్నపిల్లలు ఫలానా చోట కూర్చోవాలి, రాని పిల్ల ఇంటికి ఫోన్ చేయాలి. దీన్ని తీర్మానంగా పుస్తకంలో రాయించి సంతకాలు పెట్టించండి. నోటిమాట హెడ్మాస్టారు బదిలీతోనే పోతుంది, రాసిన తీర్మానం కొత్తాయన చేతికి కూడా అందుతుంది. ఇద్దరు టీచర్లే ఉన్న బడిలో అరగంట ముందు రమ్మనడం వాళ్లకూ బరువే. వారానికి ఒకరోజు ఒక తల్లి లేదా తాతయ్య వరండాలో కూర్చోవడానికి ముందుకొస్తే, అడిగే మాటకు బలం వస్తుంది. అరవై మంది పిల్లల దాకా ఇద్దరు ఉపాధ్యాయులన్నదే చట్టం పెట్టిన కొలత కాబట్టి, చిన్న బడుల్లో ఈ పంపకం లేకుండా పని నడవదు.

తెలుగు చదువు దొరికే బడి కోసం దగ్గరి బడిని వదిలి దూరం పంపే ఇళ్లు కూడా ఉన్నాయి. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు రాష్ట్రాలు సదుపాయం కల్పించాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతోంది. 1956లో ఏడో సవరణతో వచ్చిన అధికరణం ఇది. ఆ హక్కు కాగితం మీద ఉన్నా, ఆరేళ్ల పిల్ల రోజూ మూడు కిలోమీటర్లు వెళ్లి రావలసి వస్తే చాలా ఇళ్లు మధ్యలోనే మానేస్తాయి. కాబట్టి తెలుగు చదువు అడిగే వినతిపత్రంలో దారి సంగతి, పొద్దుటి కాపలా సంగతి కూడా రాయండి. దారి భద్రంగా ఉంటేనే ఆ బడిలో పిల్లలు నిలుస్తారు, పిల్లలు నిలిస్తేనే తెలుగు మాస్టారి పోస్టు నిలుస్తుంది.

ఏదైనా జరిగితే

దెబ్బ తగిలితే 108కి ఫోన్ చేయండి. పిల్ల కనబడకపోతే గంటలు గంటలు వెతుకుతూ కూర్చోకుండా వెంటనే 112కి, పిల్లల సహాయ నంబరు 1098కి చేయండి. ఆ పొద్దున పిల్ల వేసుకున్న బట్టల రంగు చెప్పగలగాలి. లైంగికంగా ఎవరైనా ఇబ్బంది పెట్టినట్టు తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. బడి పరువనో, మన వీధి పరువనో దాచడానికి వీల్లేదు.

గోడకు అంటించుకోండి

- గేటు తెరిచే వేళ, లోపల ఉండే పెద్దమనిషి పేరు
- హెడ్మాస్టారు, తరగతి టీచరు, ఆటో డ్రైవరు ఫోన్ నంబర్లు
- తీసుకెళ్లే ముగ్గురి పేర్లు
- పొద్దుటి బడి మొదలయ్యే తేదీ, ఆ రోజుల్లో తీసుకొచ్చేవారి పేరు
- 112, 1098, 108

ఇంట్లో ఎవరు దింపినా, అమ్మ అయినా తాతయ్య అయినా, పాటించవలసిన మాట ఒకటే: లోపల ఒక పెద్దమనిషి కంట పడేదాకా పిల్ల చేయి వదలకండి.